గూటి చిరునామా అచ్చు వేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన మార్చి ఆఖరి ఆదివారం మీ జిల్లా పేజీ అడుగున ఒక ఫోటో వేశారు. మామిడి కొమ్మల పంగలో గూడు, గూట్లో తెల్లటి నూగుతో ఓ పిల్ల, పక్కన తల మీద జుట్టు నిక్కబొడుచుకున్న పెద్ద పక్షి. పైన "కొబ్బరి తోటలో వింత గరుడ పక్షి" అని శీర్షిక. అది గరుడ పక్షి కాదు, జుట్టు భైరి అనే వేటపక్షి. కింద రెండు వాక్యాల్లోనే ఊరి పేరు, తోట ఎవరిదో, ఏ వంతెన దిగి ఎటు తిరగాలో అంతా చెప్పేశారు. ఆ ఫోటో తీసింది నేను. మీ విలేకరికి ఇచ్చింది మాత్రం నేను కాదు. అయినా తప్పు నా చేతుల్లోనే మొదలైంది. అందుకే ముందు ఆ సంగతి చెప్పుకుని, ఆ తర్వాత మిమ్మల్ని అడగాల్సింది అడుగుతాను.

ముప్పై ఏళ్లుగా కోనసీమలో ఫోటోలే నా బతుకుతెరువు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజులు. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కొన్ని వారాల పాటు కూలిన ఇళ్లు, పడిపోయిన కొబ్బరి తోటలు తప్ప మరోటి తీసిన గుర్తు లేదు. పరిహారం కాగితాలకు అతికించడానికి ఊరూరా ఫోటోలు కావలసి వచ్చాయి. రీలుకి 36 ఫోటోలే. రీలు దొరకడమే గగనం. మీట నొక్కే ముందు ఒక్క క్షణం ఆగడం నాకు అప్పుడే అలవాటైంది. పక్షుల మీదికి కెమెరా తిప్పింది మాత్రం 2020 లాక్‌డౌన్‌లో, పెళ్లిళ్లు లేక స్టూడియో తలుపులు వేసుకున్నప్పుడు. ఏటిగట్టు మీద గరుడ పక్షులు, కాలవలో బుడబుంగలు, దమ్ము చేలో ట్రాక్టరు వెనకాల నడిచే కొంగలు. ఇంటికి దగ్గర్లో ఏది కనిపిస్తే అది తీశాను.

పోయిన కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జాతరలో చీకటి పడేదాకా తిరిగాను. మర్నాడు తెల్లారగట్ల, ఒక పెళ్లివారికి ఫోటోలు తీయడానికి వీలైన చోటు చూద్దామని ఓ కొబ్బరి తోటలోకి వెళ్లాను. మంచు ఇంకా విడలేదు. కమ్మల మీంచి నీటిచుక్కలు టపటపా రాలుతున్నాయి. తోటలో ఓ మూల దింపు జరుగుతోంది, కాయలు దబ్బుదబ్బున పడుతున్నాయి. ఆ చప్పుళ్ల మధ్య, నా నెత్తికి రెండు నిలువుల ఎత్తున, చెట్ల సందుల్లోంచి ఓ పెద్ద పక్షి దూసుకుపోయింది. అంత పెద్ద రెక్కలకి చప్పుడే లేదు. కాళ్లతో మూరెడు ఎండుపుల్ల పట్టుకుని ఉంది. నేరుగా వెళ్లి తోట మధ్యలో ఉన్న మామిడి చెట్టులో దూరింది, ఇక కనిపించలేదు.

ఆ మామిడి సంగతి కాస్త చెప్పాలి. కొత్తపల్లి కొబ్బరి అనే మామిడి రకం, పాత చెట్టు. ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా కౌగిలికి అందదు. 96 తుపానులో తల విరిగిపోయింది. విరిగిన చోటు నుంచి రెండు మొండి కొమ్మలు చీలి లేచాయి. గూడు ఆ చీలికలో ఉంది. ఆ తుపానులో మా వైపు పెద్ద చెట్లు ఎన్ని పోయాయో కళ్లారా చూసినవాణ్ణి. అది కూలకుండా నిలబడింది, దాని గాయంలోనే ఈ పక్షి ఇల్లు కట్టుకుంది.

ఆ పొద్దున పెళ్లిళ్లకు వాడే లెన్సుతోనే పదకొండు ఫోటోలు తీశాను. పది చెదిరిపోయాయి. ఒక్కటి నిలిచింది. స్టూడియోకి వచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే, తల వెనక నుంచి నాలుగైదు పొడుగాటి ఈకలు లేచి ఉన్నాయి. నల్లగా, చివర్లు మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా. మా గరుడ పక్షి కాదని తెలుస్తూనే ఉంది. దానికి తెల్ల తల, ఇటుక రంగు ఒళ్లు, జుట్టు ఉండదు. జుట్టున్న గద్ద అంటే నల్ల పాముల గద్ద అయ్యుంటుంది అనుకున్నాను. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మాస్టారొకరికి ఫోటో పంపాను. ఆయన జుట్టు సంగతే ఎత్తలేదు. "కాళ్లు కనపడే ఫోటో ఉందా?" అని అడిగారు.

కాళ్ల దగ్గరే గుట్టంతా ఉందట. నల్ల పాముల గద్దకు పసుపుపచ్చటి కాళ్లు నున్నగా, ఈకలు లేకుండా ఉంటాయి. కంటి చుట్టూ కూడా పసుపు చర్మం. జుట్టు పొట్టిగా, విసనకర్రలా విప్పుకుంటుంది. కడుపు మీద తెల్లని చుక్కలు. నేను చూసిన పక్షికి వేళ్ల మొదళ్ల దాకా ఈకలే, పొడుగు చేతుల చొక్కా తొడిగినట్టు. రొమ్ము తెలుపు, దాని మీద నిలువుగా ముదురు గీతలు. ఇది జుట్టు భైరి. ఈ జాతికి మన దక్షిణాది పక్షుల్లోనే ఇంత పొడుగు జుట్టు ఉంటుందని, ఉత్తరాది వైపు వాటికి ఉండీలేనట్టు ఉంటుందని మాస్టారు చెప్పారు. నూట యాభై ఏళ్ల కిందటి దొరల పక్షుల పుస్తకాల్లో కూడా దీని తెలుగు పేరు ఇదేనట. భైరి అంటే డేగ లాంటి వేటపక్షి. మా వైపు డేగ అంటే ముందు సంక్రాంతి బరిలో కోడిపుంజే గుర్తొస్తుంది, భైరి అనే మాట వాడేవాళ్లే లేరు. మాట పోయినా పక్షి మాత్రం పోలేదు, మన తోటలోనే ఉంది.

అసలు ఆ పక్షి గురించి నాకన్నా ముందు తెలిసినవాడు ఆ తోటలో దింపు తీసే బాబాయి. ఫోటో చూపిస్తే ఆయన ఆశ్చర్యపోలేదు. "ఇది నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటుందండి. జుట్టుగద్ద అంటాను నేను. ఆ మామిడి పక్క చెట్లు ఆఖర్న దింపుతాను, దాని పిల్ల ఎగిరాకా. ఆయ్." నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదా అంటే, "చెప్తే ఏమొస్తదండి, వచ్చి చూత్తారు" అన్నాడు. ఆ మాట అప్పుడు నా తలకెక్కలేదు.

జనవరి ఆఖరుకల్లా ఆడపక్షి గూడు వదిలి కదలడం మానేసింది. ఈ జాతి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. దాన్ని నలభై రోజుల దాకా పొదగాలి. ఆ తర్వాత రెండు నెలలు దగ్గర దగ్గర పిల్లను గూట్లోనే సాకాలి. ఆ ఒక్కటీ పోతే ఏడాది కష్టమంతా పోయినట్టే. మామిడికి నలభై అడుగుల దూరంలో కొబ్బరి డొక్కలు పోసుకునే కమ్మల పాక ఉంది. తోట పెద్దాయన దగ్గర సెలవు తీసుకుని, వారానికి రెండు పొద్దులు అందులో కూర్చునేవాణ్ణి. రాజమండ్రి నుంచి పెద్ద లెన్సు అద్దెకు తెచ్చాను. కెమెరా చప్పుడు రాకుండా పెట్టుకున్నాను. ఎనిమిదిన్నరకల్లా లేచి వచ్చేసేవాణ్ణి, ఎండెక్కితే కమ్మల నీడలు దాని మొహం మీద చారలు చారలుగా పడి ఫోటో ఎలాగూ పాడైపోతుంది.

ఒక పొద్దున చూసింది మాత్రం ఇంకా కళ్ల ముందే ఉంది. మార్చి మూడో వారం. మగపక్షి ఎలుకను తెచ్చి గూటి అంచున పెట్టి వెళ్లిపోయింది. తల్లి దాన్ని కాలి కింద అదిమి, ముక్కుతో చీల్చింది. పిల్ల నోటికి పెట్టిన తునక ఎంతుందంటే, బియ్యపు గింజంత. ఆ కొక్కెం లాంటి ముక్కు, ఉడుత ఒంటిని చీల్చేయగల ముక్కు, అంత చిన్న తునకను అంత మెల్లగా పట్టుకుని పిల్ల నోరు తెరిచేదాకా ఆగింది. పిల్ల తల నిలవడం లేదు, ఊగిపోతోంది. తునక జారి పడితే మళ్లీ ఏరి మళ్లీ పెట్టింది. అప్పుడే సముద్రం వైపు నుంచి గాలి కొట్టింది. ఆ జుట్టు ఈకలు నాలుగూ ఒక్కసారి లేచి, వెలుతురు వెనకనుంచి పడి, చివర్ల తెల్లటి చుక్కలు మెరిశాయి. నేను మీట నొక్కాను. మీరు వేసింది ఆ ఫోటోనే.

ఆ రాత్రి ఆనందం పట్టలేక దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. మా ఊరి పేరు, "మా తోటల్లో జుట్టు భైరి" అని పైన రాశాను. కావాలన్న బంధువులకి నలుగురికి అసలు ఫైలే డాక్యుమెంటుగా పంపాను. అందులో లొకేషన్ కూడా ఉందని, డాక్యుమెంటుగా పంపితే అది చెరిగిపోకుండా వెళ్లిపోతుందని తర్వాతగానీ తెలియలేదు. ముప్పై ఏళ్లు కెమెరా పట్టినవాడు తెలుసుకోవలసిన సంగతే ఇది. నేను తెలుసుకోలేదు. దీనికి ఎవరినీ అనను.

ఆదివారం మీ పేపరు ఏడింటికి ఊళ్లోకి వచ్చింది. తొమ్మిదయ్యేసరికి వంతెన దగ్గర మోటారు సైకిళ్లు ఆగిపోయాయి. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. ఆడవాళ్లు పళ్లెంలో కొబ్బరికాయ, కర్పూరం తెచ్చారు. గరుడ పక్షి అని మీరు రాశారు కదా, గూట్లో సాక్షాత్తు గరుత్మంతుడి పిల్ల ఉందనుకున్నారు. మా ఏటి పాయకే వైనతేయ అని గరుత్మంతుడి పేరు పెట్టుకున్న జనం మేము, ఆ మాట విని ఇంట్లో ఎలా కూర్చుంటారు? వాళ్ల భక్తిలో ఏ లోటూ లేదు. చెట్టు మొదట్లో హారతి ఇచ్చారు. పొగ పైకి లేచింది.

తల్లి మొదట గూట్లో పడుకుండిపోయింది. జుట్టు కొస మాత్రం కనిపిస్తోంది. తర్వాత ఒక కుర్రాడు డ్రోన్ లేపాడు. మా వృత్తిలోవాడే, నాకు తెలిసినవాడే. ఆ రొద గూటి మట్టానికి రాగానే తల్లి లేచిపోయింది. తోట మీద గుండ్రంగా తిరుగుతూ కీకీకీ... కీఈ అని ఒకటే అరుపు, ప్రతిసారీ ఆఖరి కూత ఇంకా పైకి లాగుతూ. పిల్ల మీద ఎండ పడింది. ఆ వయసు పిల్లకి తన ఒంటి వేడి తనే సర్దుకునే శక్తి ఇంకా రాదు, తల్లి రెక్కల నీడే దానికి గొడుగు. అది నోరు తెరుచుకుని, నాలుక వేలాడేసి ఒగర్చడం నా లెన్సులోంచి చూశాను. రెండు కాకులు పై కొమ్మ మీద వాలాయి. ఒకటి కిందికి గెంతింది. నేను అందరినీ బతిమాలాను. "ఫోటో తీసి పేపర్లో వేయించుకుంది మీరే కదండీ, మేం చూడకూడదా?" అని ఒకాయన అడిగారు. ఏం చెప్పను?

వాళ్లను పంపించింది దింపు బాబాయి. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. మోకు కాళ్లకు వేసుకుని, కత్తి నడుముకు దోపుకుని, మామిడి చుట్టూ ఉన్న కొబ్బరి చెట్లలో ఒకటి ఎక్కాడు. "దింపు తీత్తన్నానండి, కాయ నెత్తి మీద పడుద్ది, ఎనక్కెళ్లండి" అని పైనుంచి కేకేశాడు. మొదటి గెల నేల మీద పడగానే జనం జరిగారు. ఒక చెట్టు దిగి ఇంకో చెట్టు. పిల్ల ఎగిరేదాకా ముట్టనని చెప్పిన చెట్లవి. లేతకాయ కూడా కోసి పడేశాడు, నష్టం ఎవరికని ఆలోచించలేదు. గంటలో తోట ఖాళీ అయింది. తల్లి 11 గంటల 40 నిమిషాలకు గూటికి చేరింది. రెండు గంటల పైమాటే. ఆ రోజు నేను ఒక్క ఫోటో కూడా తీయలేదు.

పిల్ల బతికింది. మే రెండో వారంలో గూటి అంచు నుంచి పై కొమ్మకి, అక్కడి నుంచి ఎదుటి కొబ్బరి మొవ్వులోకి ఎగిరింది. తోట పెద్దాయన ఆ కొమ్మ వైపు మామిడికాయలు కోయించలేదు. పండి రాలితే ఊళ్లో పిల్లలు ఏరుకున్నారు.

అప్పుడే రాద్దామనుకున్నాను. రాస్తే మళ్లీ జనం వస్తారేమోనని భయపడి ఊరుకున్నాను. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఈ జాతి పాత గూటికే మళ్లీ మళ్లీ వస్తుంది. నాలుగు రోజుల కిందట మగపక్షి మళ్లీ పుల్ల మోసుకొచ్చింది. సంక్రాంతికి ఊళ్లన్నీ చుట్టాలతో నిండిపోతాయి. అందరి చేతుల్లోనూ ఫోన్లు, కొందరి దగ్గర డ్రోన్లు. పోయినేడు ఫోటో చూసినవాళ్లు ఇప్పటికే నన్ను అడుగుతున్నారు.

కోనసీమలో మడ అడవులు తప్ప వేరే అడవి లేదు. కోరంగి మడ అడవులకు 1978 నుంచి అభయారణ్యం రక్షణ ఉంది, కాపలా ఉంది. మన కొబ్బరి తోటలకు ఏముంది? ఎవరి తోట వారిది. అందులో ఓ పెద్ద చెట్టు, దాని మీద ఓ గూడు. ఆ గూడు ఎక్కడుందో పదిమందికి తెలియకపోవడమే దానికున్న కాపలా. ఆ కాపలాను మొదట నేను తీసేశాను, తర్వాత మీ పత్రిక తీసేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు అర్థం చెబుతూ, అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కలవరపెట్టడం కూడా వేటేనని రాసి ఉంది. చంపనక్కర్లేదు, ముట్టనక్కర్లేదు. ఆ ఆదివారం తోటలో జరిగింది ఆ లెక్కన వేటే, అందులో నాకూ మీకూ వాటా ఉంది. మాస్టారు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు అన్నం సయించలేదు.

కాబట్టి నేను అడిగేది ఇది. గూటి దగ్గర తీసిన ఫోటో ఎవరు తెచ్చినా, పిల్లలు ఎగిరిపోయేదాకా వేయకండి. వేసినప్పుడు కూడా జిల్లా పేరు దాటి కిందికి దిగకండి. ఊరి పేరు, తోట యజమాని పేరు, దారి గుర్తులు వార్తకు అవసరం లేదు. పక్షుల ఫోటోల పోటీల్లో చాలావాటిలో గూటి ఫోటోలను అసలు తీసుకోరు. పత్రికకూ ఆ నియమం ఉంటే విలేకరులు ఆ జోలికి వెళ్లరు. ఇంకొకటి, వింత అనే మాట. మీ పేజీలో వింత చేప, వింత పక్షి, వింత పురుగు అని తరచూ చూస్తుంటాను. వింత అనగానే మనిషి చూడ్డానికి పరిగెడతాడు, లేకపోతే కర్ర తీసుకుంటాడు. జుట్టు భైరికి పేరుంది, పెద్ద పెద్ద గ్రంథాలు తిరగెయ్యకుండానే చెప్పగల మాస్టార్లు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. ఒక్క ఫోను చేస్తే చాలు. పేరు సరిగ్గా ఉండి ఉంటే ఆ కర్పూరం చెట్టు కింద వెలిగేది కాదు.

కోళ్ల సంగతి కూడా దాచను. నాటు కోళ్లు పెంచుకునే ఒక వదినగారు, "మరి నా పిల్లల్ని తన్నుకుపోతంటే?" అని అడిగింది. నిజమే, తన్నుకుపోతుంది. నేను తీసిన ఫోటోల్లో రెండుసార్లు దాని కాళ్ల మధ్య కోడిపిల్ల ఉంది. మిగతావి ఎలుకలు, ఉడుతలు, తొండలు, ఒకసారి గోరింక. కొబ్బరి మొవ్వులో చేరి లేతకాయకు బెజ్జం పెట్టే ఎలుకల గురించి రైతులకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఫోటోలన్నీ ఆవిడకు చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, కోడిపిల్లలు కాస్త ఎదిగేదాకా గంప కింద పెట్టుకుంటానంది. ఇప్పటికీ అలాగే పెడుతోంది. ఆవిడ చేసిన పాటి పని మనం చేయలేమా?

నేను ఈ ఏడాది ఆ పాకలో కూర్చోను. లెన్సు అద్దెకు తేలేదు. పోయినేడు తీసిన వాటిలో గూడు లేని ఫోటో ఒకటి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మే నెలాఖర్లో, ఎగరడం నేర్చిన పిల్ల ఏటిగట్టు మీద విరిగిన తాటిమొద్దు మీద ఒంటరిగా కూర్చున్నప్పటిది. తల ఇంకా తెల్లగానే ఉంది, జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. వేస్తే దీన్ని వేయండి. కింద "జుట్టు భైరి పిల్ల, గోదావరి డెల్టా" అని రాయండి. అంతకు మించి ఒక్క అక్షరం వద్దు. నా పేరు కూడా వద్దు, పేరుంటే ఊరు తెలిసిపోతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, ఫోటోగ్రాఫరు